టోర్షన్ యాక్సిల్ ఉన్న గుర్రాల ట్రైలర్ ఎత్తు పెంచడం: కొలతల నుంచి తొలి ప్రయాణం దాకా

గుర్రాల ట్రైలర్ ఎత్తు ఎలా పెంచాలని అడిగేవారిలో చాలామంది స్పేసర్లు (ఫ్రేమ్‌కు, యాక్సిల్‌కు మధ్య వేసే దిమ్మెలు) ఎంత మందం ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్న వంతు తరువాత వస్తుంది. నిండు బరువుతో, లాగే వాహనానికి తగిలించి ఉన్నప్పుడు ట్రైలర్ ఎలా నిలబడుతోందో కొలిచి చూశాకే, ఎత్తు పెంచడం అవసరమా కాదా, అవసరమైతే ఎంత అన్నది తేలుతుంది. మన లక్ష్యం ట్రైలర్ ఎత్తుగా కనబడడం కాదు, నేలకు సమాంతరంగా నడవడం.

రెండు టోర్షన్ యాక్సిళ్లు ఉన్న ట్రైలర్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ క్రమం రాశాను. ఒకే యాక్సిల్ ఉన్నదానికి తేడా వచ్చే చోట ఆ మాట విడిగా చెప్పాను.

## 1. ట్రైలర్ సమంగా ఎందుకు ఉండాలి

టోర్షన్ యాక్సిల్‌లో కమాను పట్టీలు ఉండవు. చతురస్రాకారపు ఉక్కు గొట్టం లోపల మరో చతురస్రపు కడ్డీ 45 డిగ్రీలు తిరిగి కూర్చుని ఉంటుంది. ఆ రెండింటి మధ్య నాలుగు మూలల్లో నాలుగు రబ్బరు కడ్డీలు బిగువుగా ఇరికి ఉంటాయి. చక్రం మిట్ట ఎక్కినప్పుడు ఆర్మ్ (ఆ కడ్డీ చివర చక్రాన్ని మోసే చేయి) తిరిగి రబ్బరును నొక్కుతుంది. చక్రాల కదలికంతా కొద్ది అంగుళాల్లోనే జరిగిపోతుంది.

కమాను పట్టీల ట్రైలర్‌లో రెండు యాక్సిళ్ల మధ్య బరువును సరిపెట్టే ఈక్వలైజర్ ఉంటుంది. టోర్షన్ యాక్సిళ్లకు అలాంటిది లేదు కాబట్టి, దేని భారం దానిదే. ముక్కు పైకి లేచి ఉన్న ట్రైలర్ వెనుక యాక్సిల్ మీద, ముక్కు దిగి ఉన్నది ముందు యాక్సిల్ మీద ఎక్కువ బరువు మోపుతుంది. ఆ వైపు టైర్లు వేడెక్కుతాయి, రబ్బరు త్వరగా కుంగుతుంది, తేలికపడిన చక్రాలు బ్రేకు వేసినప్పుడు ముందుగా జారతాయి.

ఒకే యాక్సిల్ ఉన్న ట్రైలర్‌కు ఈ పంపకం సమస్య లేదు. అయినా ట్రైలర్ నేల వాలుగా ఉంటే గుర్రం ప్రయాణమంతా ఒకే వైపు కాళ్ల మీద ఎక్కువ భారం వేసి నిలబడవలసి వస్తుంది.

## 2. కొలతలు తీసుకోండి

చదునైన, గట్టి నేల కావాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. లాగే వాహనంలో ప్రయాణంలో ఉండేంత బరువు ఉండాలి. ట్రైలర్‌లో గుర్రాల బరువుకు సరిపడే బస్తాలను, గుర్రాలు నిలబడే చోటే, పరచండి. పెద్ద గుర్రం దాదాపు 500 కిలోలు ఉంటుంది కాబట్టి ఖాళీ ట్రైలర్ కొలతలు ఇక్కడ పనికిరావు. గుర్రాలనే లోపల నిలబెట్టి, కింద కూర్చుని టేపు పట్టడం మాత్రం వద్దు. అవి ఒక్కసారి పక్కకు జరిగినా ట్రైలర్ ఊగుతుంది.

రాసుకోవలసినవి ఇవి:

- ఫ్రేమ్ అడుగు అంచు నుంచి నేలకు ఎత్తు, ముందు ఒక చోట, వెనుక ఒక చోట, రెండు పక్కలా
- ఆ రెండు చోట్ల మధ్య దూరం
- హిచ్ బాల్ (లాగే వాహనం మీద ట్రైలర్ తగిలే ఉక్కు గుండు) నుంచి రెండు యాక్సిళ్ల నడిమధ్యకు దూరం
- టైరు పైభాగానికి, మడ్‌గార్డుకు మధ్య ఖాళీ
- వెనుక తలుపు దగ్గర నేల ఎత్తు, ర్యాంపు ఉంటే దాని పొడవు
- గూస్‌నెక్ ట్రైలర్ (పికప్ వెనుక తొట్టిలో తగిలించేది) అయితే, పికప్ పక్క గోడల పైఅంచుకు, ట్రైలర్ అడుగుకు మధ్య ఖాళీ

ఎంత పెంచాలో లెక్క వేసుకోవడం సులభం. ముందు, వెనుక ఎత్తుల తేడాను ఆ రెండు చోట్ల మధ్య దూరంతో భాగించి, వచ్చినదాన్ని బాల్ నుంచి యాక్సిళ్ల నడిమికి ఉన్న దూరంతో గుణించండి. ఉదాహరణకు 3 మీటర్ల దూరంలో ముందువైపు 45 మి.మీ. ఎక్కువ ఎత్తు ఉండి, బాల్ నుంచి యాక్సిళ్ల నడిమికి 5 మీటర్లు ఉంటే, యాక్సిళ్ల దగ్గర 75 మి.మీ., అంటే దాదాపు 3 అంగుళాలు పెంచాలి. యాక్సిళ్ల మధ్య దూరం 860 మి.మీ. అనుకుంటే, ఇదే వాలులో ముందు యాక్సిల్ దగ్గర ఫ్రేమ్ వెనుకదానికంటే 13 మి.మీ. ఎత్తుగా ఉంటుంది. అంత తక్కువ కదలిక ఉన్న యాక్సిళ్లకు ఈ 13 మి.మీ. చిన్న తేడా కాదు.

కుడి, ఎడమ ఎత్తుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపిస్తే అక్కడే ఆగండి. ఒక పక్క రబ్బరు కుంగి ఉండవచ్చు, ఫ్రేమ్ వంగి ఉండవచ్చు. స్పేసర్ ఆ లోపాన్ని సరిచేయదు, ఉన్న వంకరను అలాగే పైకి లేపుతుంది.

## 3. యాక్సిల్ ఆరోగ్యం చూడండి

ట్రైలర్ కుంగిపోయిందని తోచిన చాలా సందర్భాల్లో అసలు రోగం పాత రబ్బరే. దీన్ని తెలుసుకోవడానికి చక్రాలు నేలను వదిలేదాకా ఫ్రేమ్‌ను లేపి, ఆర్మ్ ఏ కోణంలో ఆగిందో చూడాలి. గొట్టం నడిమి ఎత్తు, స్పిండిల్ (ఆర్మ్ చివర చక్రం తిరిగే ఇరుసు) నడిమి ఎత్తు నేల నుంచి కొలవండి. ఆర్మ్ పొడవు 152 మి.మీ., అంటే 6 అంగుళాలు అయి, స్పిండిల్ 58 మి.మీ. కిందికి ఉంటే కోణం 22.5 డిగ్రీలు కిందికి అన్నమాట.

యాక్సిల్ మీది పట్టీలో ఉన్న మోడల్ సంఖ్యతో, తయారైనప్పుడు దాని ప్రారంభ కోణం ఎంతో తయారీదారు దగ్గర తెలుసుకోవచ్చు. సాధారణంగా ఇది 45, 22.5, 10 డిగ్రీలు పైకి, 0, లేదా 10, 22.5, 45 డిగ్రీలు కిందికి ఉంటుంది. మీరు కొలిచిన కోణం దానికంటే బాగా పైకి ఉన్నా, నాలుగు ఆర్మ్‌లు నాలుగు రకాలుగా ఉన్నా యాక్సిల్ పని అయిపోయినట్టే. రబ్బరును విడిగా మార్చే వీలు మామూలు వర్క్‌షాపులో ఉండదు, యాక్సిలే మార్చాలి.

ఇదే సమయంలో నేలచాప తీసి ట్రైలర్ అడుగును బాగా కడిగి చూడండి. గుర్రాల మూత్రం చెక్క పలకలను, ఉక్కు అడ్డదూలాలను, అల్యూమినియం నేలను కూడా తింటుంది. యాక్సిల్ బ్రాకెట్ తగిలే చోట ఫ్రేమ్‌ను సుత్తితో తట్టండి. గట్టి లోహం ఖంగుమంటుంది. మొద్దు చప్పుడు వచ్చినా, తుప్పు పొరలుగా రాలినా ఎత్తు సంగతి పక్కనపెట్టి ముందు ఫ్రేమ్ బాగుచేయించండి.

## 4. మార్గం ఎంచుకోండి

తేలిక పని నుంచి కష్టమైన పనికి వెళ్లండి.

హిచ్ సర్దడం. లాగే వాహనం ఎత్తు వల్ల ముక్కు లేస్తుంటే, కిందికి వంపు ఉన్న బాల్ మౌంట్ (బాల్‌ను పట్టి ఉంచే కడ్డీ) వేస్తే సరిపోవచ్చు. గుర్రాల ట్రైలర్‌కు ఇదే అన్నిటికంటే మంచి పరిష్కారమని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే గుర్రం నిలబడే ఎత్తు పెరగదు. బాల్ మౌంట్ నేలకు తగిలేంత దిగిపోతే ఇది కుదరదు. గూస్‌నెక్‌లో కప్లర్ (బాల్ మీద కూర్చునే భాగం) గొట్టాన్ని కిందికి దించవచ్చు, అయితే పికప్ పక్క గోడల మీద కనీసం 6 అంగుళాల ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ మిగలకపోవడమే గూస్‌నెక్ ట్రైలర్ ఎత్తు పెంచడానికి న్యాయమైన కారణం.

పెద్ద టైర్లు. లాభం తక్కువ. 205/75ఆర్15 తీసి 225/75ఆర్15 వేస్తే ట్రైలర్ లేచేది దాదాపు 15 మి.మీ. మాత్రమే. రిమ్ము వెడల్పు, మడ్‌గార్డు ఖాళీ, రెండు టైర్ల మధ్య సందు అన్నీ సరిపోవాలి.

స్పేసర్లు. ఫ్రేమ్‌కు, యాక్సిల్ బ్రాకెట్‌కు మధ్య ఉక్కు దిమ్మెలు లేదా పొడిగింపు బ్రాకెట్లు వేయడం. యాక్సిల్ బాగుండి, 2 నుంచి 3 అంగుళాలు కావాలంటే ఇదే దారి. మీ యాక్సిల్ తయారీదారు ఆ మోడల్‌కే చేసిన కిట్ దొరికితే మరో ఆలోచన అక్కర్లేదు.

వేరే ప్రారంభ కోణంతో కొత్త యాక్సిళ్లు. పాతవి ఎలాగూ మార్చాల్సి ఉంటే ఇది మేలు. 152 మి.మీ. ఆర్మ్‌తో 0 నుంచి 22.5 డిగ్రీలు కిందికి మారితే దాదాపు 58 మి.మీ. లేస్తుంది; 22.5 పైనుంచి 22.5 కిందికి మారితే దానికి రెట్టింపు. 0 నుంచి 22.5కు మారినప్పుడు చక్రం దాదాపు 12 మి.మీ. ముందుకు కూడా జరుగుతుందని గుర్తుంచుకుని మడ్‌గార్డు ఖాళీ చూసుకోండి. రెండు యాక్సిళ్లూ ఒకేసారి మార్చాలి. కుంగినదాని పక్కన కొత్తది వేస్తే బరువంతా కొత్తదే మోస్తుంది. ఎత్తు కోసమని అవసరానికి మించిన సామర్థ్యం ఉన్న యాక్సిల్ కొనవద్దు. బిరుసైన రబ్బరు మీద ప్రతి గతుకూ గుర్రం కాళ్లకు తెలుస్తుంది.

యాక్సిల్‌ను తిరగేసి బిగించడం ఒక మార్గం కాదు. కమాను పట్టీల యాక్సిల్‌ను పట్టీ పైనుంచి పట్టీ కిందికి మార్చే పద్ధతి చూసి కొందరు దీన్ని ప్రయత్నిస్తారు. టోర్షన్ యాక్సిల్‌ను తిప్పితే వెనక్కి ఉండాల్సిన ఆర్మ్ ముందుకు వస్తుంది, లేదా చక్రాలకు ఇచ్చిన కేంబర్ (నిలువు నుంచి పక్కకు వాలే కోణం) తలకిందులవుతుంది.

## 5. గుర్రం వైపు నుంచి ఆలోచించండి

బాల్ ఎత్తు మారదు కాబట్టి, యాక్సిల్ దగ్గర లేపినప్పుడు ట్రైలర్ బాల్ చుట్టూ తిరుగుతుంది. అందువల్ల వెనుక తలుపు దగ్గర నేల స్పేసర్ మందంకంటే ఎక్కువే లేస్తుంది. పై ఉదాహరణలో తలుపు యాక్సిళ్లకు 1.8 మీటర్ల వెనుక ఉంటే, లేచేది 75 కాదు, 102 మి.మీ. నేల ఎత్తు 350 మి.మీ. ఉన్న చోట ఇప్పుడు 452 అవుతుంది. 1.5 మీటర్ల ర్యాంపు వాలు 13.5 డిగ్రీల నుంచి 17.5 డిగ్రీలకు చేరుతుంది.

ర్యాంపు లేని ట్రైలర్‌లో ఎక్కడం కన్నా వెనక్కి దిగడమే కష్టం. గుర్రం వెనుక కాలు నేలను వెతుక్కుంటూ దిగేటప్పుడు ఆ కాలి ముందువైపు ఎముక అంచుకు గీసుకునే ప్రమాదం పెరుగుతుంది. పని మొదలుపెట్టకముందే, కొత్త ఎత్తుకు సరిపడే గట్టి దిమ్మె మీద మీ గుర్రాన్ని ఎక్కించి దింపి చూడండి. ముసలి గుర్రం, కీళ్ల నొప్పులున్న గుర్రం జంకితే ర్యాంపు పొడిగించాలి, లేదా హిచ్ మార్గానికే తిరిగి వెళ్లాలి.

గుర్రం బరువు నేల మీద పరిచిన సరుకు లాంటిది కాదు; చాలా భాగం కాళ్ల పైన ఉంటుంది, మలుపులో కదులుతుంది. అందువల్ల లెక్కలో వచ్చినదానికి ఒక్క అంగుళం కూడా అదనంగా కలపవద్దు.

## 6. సామగ్రి

- ట్రైలర్ బరువుకు మించిన సామర్థ్యం ఉన్న జాకీ, నాలుగు స్టాండ్లు
- యాక్సిల్‌ను మోయడానికి రెండో జాకీ, బిగించే పట్టీ
- లాగే వాహనం చక్రాలకు అడ్డుదిమ్మెలు
- టార్క్ రెంచి, రసమట్టం, స్టీలు టేపు
- ఒకే ముక్కగా ఉన్న స్పేసర్లు, నాలుగూ ఒకే మందంలో
- 10.9 తరగతి కొత్త బోల్టులు, కొత్త లాక్ నట్లు, మందపాటి వాషర్లు
- బోలు ఫ్రేమ్ గుండా బోల్టు వెళితే, నలగకుండా లోపల పెట్టే ఉక్కు గొట్టాలు
- తుప్పు వదిలించే నూనె, తుప్పు నిరోధక రంగు
- ఫ్రేమ్ అల్యూమినియం అయితే, ఉక్కుకు దానికి మధ్య వేసే నిరోధక పొర

3 అంగుళాలకు చేరువగా పెంచుతుంటే ఎడమ, కుడి స్పేసర్ల మధ్య అడ్డదూలం ఉన్న కిట్ తీసుకోండి. మలుపులో టైరు మీద పడే పక్కబలం స్పేసర్ ఎత్తు పెరిగినకొద్దీ ఫ్రేమ్ అంచును ఎక్కువగా మెలిపెడుతుంది.

## 7. పని క్రమం

7.1 ముందు రోజే బోల్టులన్నిటికీ తుప్పు నూనె పట్టించండి.

7.2 ఖాళీ ట్రైలర్‌ను లాగే వాహనానికి తగిలించే ఉంచండి. వాహనం హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు పెట్టండి. ట్రైలర్ చక్రాలు గాలిలోకి లేచాక దాన్ని పట్టి ఉంచేది ఈ బంధమే.

7.3 చక్రాలు నేల మీద ఉండగానే వీల్ నట్లు కొద్దిగా వదులు చేయండి.

7.4 జాకీని యాక్సిల్ బ్రాకెట్ పక్కన ఫ్రేమ్ కింద పెట్టి లేపండి. యాక్సిల్ గొట్టం కిందగానీ ఆర్మ్ కిందగానీ జాకీ పెట్టి ట్రైలర్ బరువు ఎత్తవద్దు. గొట్టం వంగితే చక్రాల అమరిక పోతుంది. నాలుగు స్టాండ్ల మీద ఫ్రేమ్‌ను దించి, చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదటినుంచి అమర్చండి.

7.5 బ్రాకెట్ అంచుల వెంట ఫ్రేమ్ మీద గీతలు గీసి పాత స్థానాన్ని గుర్తు పెట్టండి.

7.6 ఒక యాక్సిల్‌తోనే మొదలుపెట్టండి. దాని చక్రాలు తీసి, బ్రేకు తీగలకు గుర్తులు కట్టి ఊడదీయండి.

7.7 రెండో జాకీని గొట్టం నడిమికి చేర్చి పట్టీతో కట్టండి. ఇక్కడ జాకీ మోసేది యాక్సిల్ సొంత బరువునే. హబ్బులు, డ్రమ్ములు ఆర్మ్ చివర వెనక్కి ఉంటాయి కాబట్టి, చివరి బోల్టు బయటికి రాగానే యాక్సిల్ ఒక్క ఉదుటున వెనక్కి దొర్లుతుంది. ఆ క్షణంలో చేతులు గొట్టానికి, బ్రాకెట్‌కు మధ్య ఉండకూడదు.

7.8 యాక్సిల్ దించి, తగిలే ఉపరితలాల తుప్పు గీకి, రంగు వేసి ఆరనివ్వండి. మందంగా పూసిన రంగు తరువాత నలిగి బోల్టు వదులవుతుంది, పలుచటి పూత చాలు.

7.9 స్పేసర్ పెట్టి యాక్సిల్‌ను లేపండి. బోల్టులన్నీ చేత్తో ఎక్కించాకే రెంచి పట్టండి. ఎదురెదురు బోల్టులను మార్చిమార్చి, కిట్‌తో వచ్చిన కాగితంలోని టార్క్ వరకు బిగించండి.

7.10 రెండో యాక్సిల్‌కు ఇదే క్రమం.

బ్రాకెట్లు ఫ్రేమ్‌కు వెల్డింగ్ చేసి ఉంటే, కోసి మళ్లీ అతికే పని ట్రైలర్ ఫ్రేములు చేసే అనుభవజ్ఞుడైన వెల్డర్‌కు అప్పగించండి. యాక్సిల్ గొట్టం మీద వెల్డింగ్ నిషిద్ధం, ఆ వేడికి లోపలి రబ్బరు పాడవుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. ఎర్త్ క్లిప్పును అతికే చోటికి దగ్గరగా పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాలుస్తుంది.

## 8. అమరిక సరిచూడడం

చక్రాలు బిగించే ముందే ఈ కొలతలు చూడాలి. కప్లర్‌లో బాల్ నడిమి నుంచి ముందు యాక్సిల్ రెండు చివరలకు దూరం కొలిస్తే, తేడా 3 మి.మీ. మించకూడదు. ముందు, వెనుక స్పిండిళ్ల నడిమి దూరం ఎడమ పక్క, కుడి పక్క 1.5 మి.మీ. లోపు సరిపోవాలి. తేడా ఎక్కువుంటే బోల్టులు వదులు చేసి బ్రాకెట్‌ను జరపండి. స్పేసర్ రంధ్రాలు కాస్త పెద్దవైనా ఈ తేడా వచ్చేస్తుంది, టైరు ఒక అంచున అరగడం కనిపించేదాకా బయటపడదు.

## 9. ఎత్తు మారాక సర్దవలసినవి

- బ్రేకు తీగలకు ఆర్మ్ పూర్తిగా కిందికి వేలాడినా లాగబడనంత వదులు, టైరుకు తగలనంత బిగువు ఉండాలి
- విడిగా నిలిపినప్పుడు ట్రైలర్ సమంగా నిలవడానికి ముందు జాకీ పొడవు చాలకపోతే కింద గట్టి దిమ్మె వేయాలి
- ర్యాంపు స్ప్రింగులు, తాళ్లు, ర్యాంపు చివర నేలకు ఆనే తీరు చూడాలి
- వెనుక దీపాలు, నంబరు ప్లేటు ఎత్తు మీ ప్రాంతపు నిబంధనలకు లోబడి ఉండాలి
- బాల్ మౌంట్ మార్చి ఉంటే, భద్రతా గొలుసులు, ట్రైలర్ విడిపోతే బ్రేకు వేసే తాడు పూర్తి మలుపులో కూడా చాలినంత పొడవు ఉండాలి

## 10. తరచూ ఎదురయ్యే పొరపాట్లు

చెక్క దిమ్మెలు, వాషర్ల దొంతర్లు. చెక్క నలుగుతుంది, దొంతర జారుతుంది. మొత్తం మందానికి ఒకే ఉక్కు స్పేసర్ వాడాలి.

పాత నట్లే మళ్లీ వాడడం. లాక్ నట్టు ఒకసారి విప్పాక పట్టు తగ్గుతుంది. ఇక్కడ మిగిలే డబ్బు ఏమీ లేదు.

ముక్కు ఇంకా లేచే ఉండడం. ఖాళీ ట్రైలర్‌తో కొలిచి ఉంటారు, లేదా వెనుక సీటు ఖాళీగా ఉన్న వాహనంతో కొలిచి ఉంటారు. నిండు బరువుతో మళ్లీ కొలిచి, మిగిలిన తేడాను బాల్ మౌంట్‌తో సరిచేయండి.

ముక్కు దిగిపోవడం. లెక్కకు మించి లేపారు. బాల్‌ను పైకి జరపడానికి వీలుంటే జరపండి, లేకపోతే పలుచటి స్పేసర్ వేయండి.

లేపాక ట్రైలర్ ఊగడం. అమరిక ఒకటి, హిచ్ మీద పడే బరువు మరొకటి చూడండి. బాల్ హిచ్ ట్రైలర్‌కు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, గూస్‌నెక్‌కు 15 నుంచి 25 శాతం హిచ్ మీద ఉండాలి. వేబ్రిడ్జి మీద తూకం వేయిస్తే సందేహం తీరుతుంది.

## 11. తొలి ప్రయాణం

మొదటిసారి గుర్రాలు వద్దు, బస్తాలతో వెళ్లండి. వీల్ నట్లను నక్షత్రం ఆకారపు క్రమంలో, మూడు విడతలుగా టార్క్ పెంచుతూ బిగించి బయలుదేరండి. 16, 40, 80 కిలోమీటర్ల దగ్గర ఆగి టార్క్ సరిచూడండి. యాక్సిల్ బోల్టులను కూడా 80 కిలోమీటర్ల దగ్గర చూడాలి.

ఆగిన ప్రతిచోటా నాలుగు టైర్లను, హబ్బులను అరచేతి వెనుక భాగంతో, తగిలీ తగలనట్టు పరీక్షించండి. నాలుగూ దాదాపు ఒకే వెచ్చదనంలో ఉండాలి. ముందు జత చల్లగా, వెనుక జత బాగా వేడిగా ఉంటే ట్రైలర్ ఇంకా సమంగా లేదు. ఒక్క హబ్బే కాలుతుంటే ఆ చక్రం బేరింగు గానీ, పట్టేసిన బ్రేకు గానీ కారణం.

అన్నీ సరిగా ఉన్నాక, నెమ్మదైన అలవాటున్న ఒక్క గుర్రంతో దగ్గరి దూరం వెళ్లిరండి. దించేటప్పుడు వెనుక కాళ్లు అంచును ఎలా దాటుతున్నాయో పక్కన నిలబడి గమనించి, ఆ కొత్త ఎత్తు దానికి అలవాటయ్యేదాకా రెండో గుర్రాన్ని ఎక్కించకండి.